నడుము కింద ఉన్నవి కాళ్లేనా?

చెయ్యెత్తమంటారు. ఎత్తుతాం.

కాలు లేపమంటారు. లేపుతాం, లేచినంత.

వేలు ముక్కుకి ఆనించి, మళ్లీ డాక్టరుగారి వేలికి ఆనించమంటారు. మోకాలి మీద సుత్తితో కొడతారు. అరికాలి మీద గీస్తారు. తిన్నగా నడిచి చూపించమంటారు. ఎమ్మారై ఫిల్ము లైటుకి పెట్టి మచ్చలు లెక్కపెడతారు. మందు రాస్తారు. తర్వాతి పేషెంటుని పిలుస్తారు.

నెలసరి ముందు ఎలా ఉంటోందని అడిగారా? మొగుడూ పెళ్లాలు ఎలా ఉన్నారని అడిగారా? పిల్లల్ని కనాలని ఉందా అని అడిగారా? ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయా, ముట్లు ఆగిపోయే వయసొచ్చిందా అని అడిగారా?

లేదు.

మరి నడుము కింద మాకు ఉన్నవి కాళ్లేనా?

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. ఎం.ఎస్. అంటాం. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే తిరగబడి మెదడులో, వెన్నుపాములో, కంటి నరాల్లో మైలిన్ అనే పొరను పాడుచేస్తుంది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఊడిపోతే ఏమవుతుందో లోపల అదే అవుతుంది. ఒకరికి చూపు మసకబారుతుంది. ఒకరికి కాళ్లు బిగుసుకుపోతాయి. ఒకరికి మూత్రం ఆగదు, ఇంకొకరికి రాదు. రాత్రంతా నిద్రపోయి లేచినా మంచం దిగలేనంత అలసట. 1868లో పారిస్‌లో షార్కో అనే డాక్టరు దీన్ని విడి జబ్బుగా గుర్తించి వివరించాడు. నూటయాభై ఏళ్లు దాటిపోయింది.

ఈ జబ్బు ఎవరికొస్తుంది? ఎక్కువగా ఇరవైకీ నలభైకీ మధ్య వయసువాళ్లకి. మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే పెళ్లీడులో. కాన్పుల వయసులో. సంసారం చెయ్యాల్సిన వయసులో.

రజస్వల కాకముందు ఈ జబ్బు వచ్చే పిల్లల్లో ఆడా మగా తేడా పెద్దగా ఉండదు. ఆ తర్వాతే ఆడపిల్లల లెక్క పెరుగుతుంది. గర్భంతో ఉండగా జబ్బు నెమ్మదిస్తుంది. పురుడవగానే విరుచుకుపడుతుంది. దీనికీ హార్మోన్లకీ ఏం సంబంధమో మాతో కూర్చుని మాట్లాడాలంటే ఇంకెన్ని సాక్ష్యాలు కావాలి మీకు?

నెలసరికి రెండు మూడు రోజుల ముందు మాలో చాలామందికి కాళ్లు బరువెక్కుతాయి. అక్షరాలు అలుక్కుపోతాయి. చేతిలో గ్లాసు జారిపోతుంది. ఇంట్లో చెబితే ఏమంటారు? "ఆ రోజుల్లో అందరికీ ఉండేదేగా." న్యూరాలజిస్టుకి చెబితే? "అది లేడీ డాక్టరుకి చెప్పుకోమ్మా." లేడీ డాక్టరుకి చెబితే? "నీది నరాల జబ్బు కదా, ఆ సార్‌నే అడుగు."

ఎవర్ని అడగాలి మేం?

1890లోనే ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు ఒక సంగతి గమనించాడు. ఈ రోగులు కాస్త శ్రమపడితే చూపు మందగిస్తోంది, కాసేపటికి మళ్లీ సర్దుకుంటోంది. అసలు కారణం ఒళ్లు వేడెక్కడమని తర్వాత తేలింది. ఎమ్మారై లేని రోజుల్లో మనిషిని వేన్నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు బయటపడుతున్నాయా అని చూసి జబ్బును పోల్చుకునేవారు. పొర చెడిన నరానికి అర డిగ్రీ వేడి కూడా ఎక్కువే. అండం విడుదలైనప్పటి నుంచి నెలసరి వచ్చేదాకా ఆడదాని ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగే ఉంటుంది. ఏ నర్సింగ్ విద్యార్థినిని అడిగినా చెబుతుంది. వేడొక్కటే కారణమని కాదు, నెలసరి ముందు రోజుల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ పడిపోవడానికి కూడా పాత్ర ఉంటుందని పరిశోధకులు అనుమానిస్తున్నారు. ఈ రెండు ముక్కలూ కలిపి, "అమ్మా, ప్రతిసారీ ఇది జబ్బు చేసే కొత్త దాడి కాదు, ఒళ్లు చల్లబడితే తగ్గుతుంది, తగ్గకపోతే వెంటనే రా" అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ ఒక్క మాట వినక మేం నెలనెలా ఏడ్చాం. నెలనెలా మంచం పడతామేమోనని భయపడ్డాం.

మీకు చీమ కుట్టినట్టయినా లేదు.

పురిటి సంగతికొద్దాం. 1998లో యూరప్‌లోని 12 దేశాల్లో ఎం.ఎస్. ఉన్న 254 మంది స్త్రీలను గర్భంతో ఉండగానూ, ఆ తర్వాతా గమనించిన అధ్యయనం ఒకటి అచ్చయింది. గర్భానికి ముందు ఏడాదిలో సగటున పదిమందికి ఏడు దాడులు వచ్చేవి. ఏడో నెల నుంచి తొమ్మిదో నెల దాకా ఆ రేటు రెండుకి పడిపోయింది. అంత తగ్గుదల తెచ్చే మందు అప్పటికి లేదు. పురుడయ్యాక మొదటి మూడు నెలల్లో అదే రేటు పన్నెండుకి ఎగిసింది. కడుపులో మాయ తయారుచేసే ఈస్ట్రియాల్ లాంటి హార్మోన్లు ఉన్నన్నాళ్లూ ఒంట్లో శాంతి. మాయ బయటపడగానే అవి కూలిపోతాయి. యుద్ధం మళ్లీ మొదలు.

ఈ లెక్క అచ్చయి పాతికేళ్లు దాటింది. మన ఊళ్లలో ఏ బాలింత తల్లికి ఎవరు చెప్పారు?

ఆ మూడు నెలలూ ఆ పిల్ల ఎక్కడుంటుందో మీకు తెలియదా? పుట్టింట్లో. తలుపులూ కిటికీలూ మూసిన గదిలో. చెవుల్లో దూది, తలకి గుడ్డ. ఫ్యాన్ వెయ్యనివ్వరు. పొద్దున్నే ఒళ్లంతా నూనె, పసుపు పట్టించి మరిగే నీళ్లు వంచుతారు. సాంబ్రాణి పొగ వేస్తారు. కొన్ని ఇళ్లలో మంచం కింద కుంపటి కూడా పెడతారు. తల్లి ప్రేమతోనే చేస్తుంది. తరాలుగా వచ్చిన పద్ధతి అది. కానీ ఎం.ఎస్. ఉన్న పిల్లకి, దాడి భయం అన్నిటికంటే ఎక్కువగా ఉండే ఆ మూడు నెలల్లో, వేడి మీద వేడి. కాళ్లు సహకరించక ఆ పిల్ల నీళ్లగదిలో గోడ పట్టుకుని నిలబడితే "బాలింత నీరసం" అంటారు. చూపు మసకేస్తోందంటే "ఫోను చూడకు" అంటారు. బిడ్డని ఎత్తుకోలేకపోతే "నీకు మరీ గారం" అంటారు. అది తగ్గిపోయే వేడి తాపమా, నిజంగా కొత్త దాడా అని తేల్చేవాళ్లు ఆ గది గడప తొక్కరు.

తప్పు ఆ తల్లిదా? తొమ్మిది నెలలూ స్కానింగులు చేసి, డబ్బులు తీసుకుని, డిశ్చార్జి కాగితం మీద ఆ ఒక్క హెచ్చరిక రాయని వాళ్లదా?

తల్లిపాల సంగతీ అంతే. పాలిచ్చిన తల్లుల్లో పురిటి తర్వాత దాడులు తక్కువగా కనిపించాయని, పలు అధ్యయనాలను కలిపి 2020లో చేసిన విశ్లేషణ చెప్పింది. ఇంటర్‌ఫెరాన్ బీటా సూదులు అవసరమైతే గర్భంలోనూ వాడొచ్చని, పాలిస్తూ కూడా వాడొచ్చని 2019లోనే యూరప్ మందుల నియంత్రణ సంస్థ సూచనలు మార్చింది. మనకి? "మందులు వాడుతున్నావుగా, పాలివ్వకు." అంతే. ఏ మందని అడిగారా? లేదు. పుస్తకం తెరిచారా? లేదు. ఒక తల్లి రొమ్ము కట్టేసుకుని ఏడ్చింది. మీరు బిల్లు తీసుకున్నారు.

ఇంకో ఘోరం. కొత్తగా పెళ్లయిన పిల్లకి, మాత్ర కాబట్టి సులువని టెరిఫ్లునమైడ్ రాస్తారు. అది కడుపులో బిడ్డకి హాని చేయగల మందు. మానేసినా కొందరి ఒంట్లో రెండేళ్ల దాకా మిగిలే ఉంటుంది. తొందరగా కడిగేయాలంటే కొలెస్టిరమైన్ లాంటి వేరే మందు పదకొండు రోజులు వాడాలి, తర్వాత రక్తపరీక్ష చేసి చూడాలి. ఈ మాటలన్నీ చీటీ రాసేటప్పుడే చెప్పాలి. "పిల్లల ఆలోచన ఎప్పుడమ్మా?" అనే ప్రశ్న లేకుండా ఆ చీటీ మీద సంతకం ఎలా పడుతుంది?

ఎలా పడుతుంది, చెప్పండి?

ఇక మీరు చెవులు మూసుకునే సంగతి. పడకగది.

అవును, చెబుతాను. పత్రికలో ఇలాంటివి రాస్తారా అని ముఖం చిట్లించకండి. వెన్నుపాము కింది భాగంలో మచ్చ పడితే కాళ్లు మాత్రమే మొద్దుబారతాయా? అక్కడి నరాలే కదా మర్మాంగాలకీ వెళ్లేవి? స్పర్శ తెలియదు. లేదా ముట్టుకుంటే మంట. తడి రాదు. కోరిక ఉన్నా ఒళ్లు పలకదు. భావప్రాప్తి అందదు. తొడలు బిగుసుకుపోయి విడవవు. ఆ సమయంలో మూత్రం పడిపోతుందేమోనని భయం. వేడెక్కితే కళ్లు మసకేస్తాయి, ఊథాఫ్ చెప్పింది పడకగదిలో కూడా నిజమే. వీటన్నిటి మీదా ఆ మొయ్యలేని అలసట. అధ్యయనాల్లో ఎం.ఎస్. ఉన్న ఆడవాళ్లలో నూటికి 40 నుంచి 80 మంది, మగవాళ్లలో 50 నుంచి 90 మంది దాకా ఈ ఇబ్బందులు చెప్పుకున్నారు.

నూటికి నలభై నుంచి ఎనభై! ఏదో ఒకరిద్దరి గోల కాదు. మాలో ఎందరిదో గోల.

వాడే మందులు చేసే చేటు ఇంకొకటి. డిప్రెషన్‌కి ఇచ్చే మాత్రల్లో చాలావాటితో కోరిక చచ్చిపోతుంది. మూత్రం ఆపడానికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ నోటినే కాదు, యోనినీ పొడిబారుస్తుంది. కాళ్ల బిగువుకిచ్చే బాక్లోఫెన్ కొందరు మగవాళ్ల అంగస్తంభనని దెబ్బతీస్తుంది. రాసేవాళ్లకి ఇవి తెలుసు. చెప్పరు. మాత్ర మార్చొచ్చు, మోతాదు తగ్గించొచ్చు, వేళ మార్చొచ్చు. జెల్లు ఉంది. కటి కండరాలకి ఫిజియోథెరపీ ఉంది. పగలు, ఒంట్లో ఓపిక ఉన్న వేళ దగ్గరవ్వమని, గది చల్లబరుచుకోమని, ముందు మూత్రానికి వెళ్లి రమ్మని చెప్పొచ్చు. స్పర్శ ఎక్కడ తెలుస్తోంది, ఎక్కడ తెలియడం లేదు, ఎక్కడ నొప్పెడుతోంది అని ఇద్దరూ కలిసి ఓపిగ్గా కనుక్కోమనొచ్చు. ఇందులో ఏది ఖరీదు? ఏది అసాధ్యం? దగ్గరైతే జబ్బు ముదురుతుందని ఎన్ని జంటలు భయపడి దూరంగా పడుకుంటున్నాయో తెలుసా? ముదరదని చెప్పే నోరే లేదు. ఆ సుఖం తర్వాత కాళ్ల బిగువు వదులయ్యిందనే వాళ్లున్నారు, ఇంకా బిగుసుకుందనే వాళ్లూ ఉన్నారు. ఆ క్షణంలో ఒంట్లో ఆక్సిటోసిన్, ప్రొలాక్టిన్ ఎగుస్తాయన్నది తెలిసిన సంగతే. వాటికీ మా లక్షణాలకీ ఉన్న లంకె ఎంత అని మమ్మల్ని కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఎందరు?

అడగడానికి సాధనం లేదనకండి. 2000లోనే ఎం.ఎస్. రోగుల లైంగిక ఇబ్బందుల కోసం 19 ప్రశ్నల పత్రం ఒకటి అమెరికాలో తయారైంది. రోగి తనే టిక్కులు పెట్టి ఇచ్చేస్తుంది. నోరు తెరవక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు. తర్వాత దాన్ని 15 ప్రశ్నలకి కుదించారు కూడా. తీరిక లేని డాక్టర్ల కోసమే.

మీ ఓపీలో ఆ కాగితం చూశారా ఎవరైనా?

ఏం జరుగుతోందో వినండి, చెవులు మూసుకోకుండా వినండి: పెళ్లిచూపులప్పుడు జబ్బు దాచమని పిల్ల నోరు మూయించేది మీరే, పెళ్లయ్యాక బయటపడితే మోసం చేశారని పంచాయితీ పెట్టేదీ మీరే, మంచం మీద తను కళ్లు మూసుకుని నొప్పి ఓర్చుకుంటుంటే సహకరించడం లేదని విసుక్కునేది మీరే, దగ్గరకొచ్చి చెయ్యి వెయ్యమని తనే నోరు విడిచి అడిగితే "ఈ ఒంటితో నీకిదొకటా" అని సిగ్గుతో చచ్చేలా చేసేదీ మీరే, వేరే గదిలో పక్క వేసి "నీకు విశ్రాంతి కావాలిగా" అని తలుపు దగ్గరగా వేసేది మీరే, క్యాథెటర్ మార్చి డైపర్ మార్చి స్నానం చేయించే భర్తని దేవుడంటారు గాని అతను ఇంకా మొగుడేనా, నర్సైపోయాడా అని అతన్నిగాని ఆమెనిగాని అడిగిన పాపాన పోరు, అన్నీ తనే చేస్తున్న భార్యని మాత్రం అది ధర్మమేగా అని వదిలేస్తారు, నెలసరి బాధ భరించలేకపోతోందంటే గర్భసంచి తీయించెయ్యమని సలహా చెబుతారు, కాన్పు వద్దని కొందరు భయపెడితే ఒక్కణ్ణి కంటే అన్నీ సర్దుకుంటాయని ఇంకొందరు బలవంతపెడతారు, ఆ బిడ్డకీ జబ్బొస్తుందని చుట్టాలు శాపాలు పెడుతుంటే తల్లికో తండ్రికో ఉన్నంత మాత్రాన బిడ్డకి వచ్చే అవకాశం నూటికి రెండు మూడేనని చెప్పాల్సిన డాక్టరు వాచీ చూసుకుంటాడు, నలభై అయిదేళ్లామె ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, మతిమరుపు, అడుగు తడబడుతోంది అంటే జబ్బు ముదిరిందని ఒకాయన, వయసని ఇంకొకాయన చెరో చీటీ రాసి ఇద్దరూ ఫోనెత్తి ఒకరితో ఒకరు ఒక్క నిమిషం మాట్లాడుకోరు, వైకల్యం తేల్చే సదరం క్యాంపులో ఆ రోజు ఒళ్లు బాగుండి నాలుగడుగులు నడిస్తే "బానే ఉన్నావుగా" అని శాతం కోసేస్తారు, ఇవన్నీ చూస్తూ పక్కింటివాళ్లు, చుట్టాలు, స్నేహితులు, చదువుకున్నవాళ్లు, పత్రికలు చదివేవాళ్లు, "పాపం" అని ఒక్క మాట అనేసి టీ తాగుతారు.

పాపమా? ఎవరిది పాపం?

గర్భసంచి మాట వచ్చింది కాబట్టి కాసేపు ఆగుతాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసేశారని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో? సుమారు తొమ్మిది మంది. తెలంగాణలో? సుమారు ఎనిమిది మంది. దేశానికి రెండున్నర, మూడు రెట్లు. మన రెండు రాష్ట్రాల్లో ఇదొక మామూలు ఆపరేషనైపోయింది. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ రాత్రికి రాత్రి పడిపోతుంది. ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన ఒళ్లు. మామూలు మనిషికే ఎముకలు గుల్లబారతాయి, ఆవిర్లు, పొడిబారడం మొదలవుతాయి. ఎం.ఎస్. ఉన్నామెకి ఆవిరొచ్చిన ప్రతిసారీ నరాలు మొరాయిస్తాయి. కత్తి పట్టుకునే ముందు "నీకింకేదైనా జబ్బుందామ్మా, దాన్ని చూసే డాక్టరెవరు?" అని అడిగి ఆయనకి ఫోను చేస్తున్నారా? ఎంతమంది చేస్తున్నారు?

వదిలేసి పోవడం గురించి కూడా లెక్కలున్నాయి. 2009లో అమెరికాలో 515 మంది రోగుల మీద చేసిన అధ్యయనం అది. మెదడు కణితి, ఇతర క్యాన్సర్లు, ఎం.ఎస్. ఉన్నవాళ్లు. జబ్బు మగవాడికొస్తే విడిపోయిన జంటలు నూటికి మూడు. జబ్బు ఆడదానికొస్తే నూటికి ఇరవై ఒకటి. ఏడు రెట్లు! అది అమెరికా. అక్కడ విడాకులంటే కోర్టులో లెక్క తేలుతుంది. మన దగ్గర? "కొన్నాళ్లు పుట్టింట్లో ఉండనీ" అని దింపి వెళ్లినవాడు మళ్లీ రాకపోతే అది ఏ లెక్కలో పడుతుంది? ఏ సర్వే వచ్చి ఆ గుమ్మం ముందు నిలబడుతుంది?

మగవాళ్ల బాధ చిన్నదని నేననను. వాళ్లయితే నోరే విప్పరు. అంగస్తంభన పోయిందని న్యూరాలజిస్టుకి చెప్పుకోలేక, బస్టాండు గోడ మీద పోస్టరు చూసి లాడ్జి గదిలో కూర్చున్న నకిలీ డాక్టరు దగ్గరికెళ్లి వేలకి వేలు పోసి లేహ్యాలు తెచ్చుకుంటారు. ఇది నరాల జబ్బు లక్షణమని, సిల్డెనఫిల్ లాంటి మందు కొందరికి పనిచేస్తుందని, దాన్ని గుండె పరిస్థితి చూసి డాక్టరే రాయాలని చెప్పేవాళ్లేరి? టెస్టోస్టిరాన్ జెల్ మీద 2007లో పదిమంది ఎం.ఎస్. మగవాళ్లతో చిన్న ప్రయోగం జరిగింది. మెదడు కుంచించుకుపోవడం నెమ్మదించినట్టు కనిపించింది. పదిమంది! అంత చిన్న ప్రయోగంతో ఏదీ తేలదు. పెద్దది చేసి తేల్చాలన్న తొందర ఎవరికుంది?

ఈస్ట్రియాల్ కథా అదే. గర్భంతో ఉండగా మమ్మల్ని కాపాడే హార్మోనుని మాత్రగా ఇస్తే ఏమవుతుందని అమెరికాలో 2002లో చిన్న ప్రయోగం, తర్వాత 164 మంది స్త్రీలతో ఇంకొంచెం పెద్ద ప్రయోగం చేశారు. గ్లాటిరమర్ అనే ఎం.ఎస్. సూదితో పాటు ఈస్ట్రియాల్ తీసుకున్నవాళ్లకి దాడులు తగ్గాయని 2016లో రాశారు. ఖాయమైన రుజువు కాదు, ఆశ పుట్టించే ఫలితం. పాత హార్మోను అది. యూరప్‌లో, ఆసియాలో మెనోపాజ్ బాధలకి దశాబ్దాలుగా వాడుతున్నారు. ఇప్పటికీ ఎం.ఎస్.కి ఆమోదం పొందిన మందుల్లో అది లేదు. పేటెంటు రాని పాత హార్మోను మీద వందల కోట్లు పెట్టి పెద్ద ప్రయోగం చేసే కంపెనీ ఏది? చెయ్యాల్సింది ప్రభుత్వాలు. చేస్తున్నాయా? రేపే మందుల షాపుకి పరుగెత్తి కొనుక్కోమని నేను చెప్పడం లేదు, ఎవరూ ఆ పని చెయ్యొద్దు. ఆడదాని ఒంట్లోనే దొరికిన దారిని చూసి కూడా అటు నడవకుండా కూర్చున్నారే, అది అడుగుతున్నాను.

చట్టం లేదా? ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016. అందులో గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. పదో సెక్షన్, సంతానం గురించి, కుటుంబ నియంత్రణ గురించి తగిన సమాచారం మాకు అందేలా ప్రభుత్వం చూడాలంటుంది. ఇరవై అయిదో సెక్షన్, లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్య సేవలు అందించాలంటుంది, ముఖ్యంగా వైకల్యం ఉన్న స్త్రీలకి. పార్లమెంటు ఒప్పుకున్న మాట ఇది. రాష్ట్రపతి సంతకం పడిన మాట. పార్లమెంటుకి లేని సిగ్గు మీకెందుకు?

ఏ జిల్లా ఆస్పత్రిలో ఆ సేవ ఉంది? ఏ బోర్డు మీద రాసి ఉంది? ఏ గది? ఏ రోజు?

చెప్పండి, వెళ్లి వరసలో నిలబడతాం. నిలబడలేనివాళ్లం కూర్చుంటాం.

అడిగితే రోగి సిగ్గుపడుతుందని డాక్టర్లు అంటారు. మూత్రం గురించి అడిగినప్పుడు సిగ్గుపడలేదే? మలబద్ధకం గురించి అడిగినప్పుడు చెప్పామే? వార్డులో పదిమంది విద్యార్థుల ముందు చీర మోకాలి పైకి లాగి కాలు మీద సుత్తితో కొట్టినప్పుడు మా సిగ్గు ఎవరికీ గుర్తు రాలేదే? తలుపు వేసి, మొగుణ్ణీ అత్తగారినీ కాసేపు బయట కూర్చోమని అడిగి చూడండి. మేం చెబుతాం. ఏళ్లుగా గొంతులోనే ఉంది.

న్యూరాలజిస్టు గారూ, గైనకాలజిస్టు గారూ, మీ ఇద్దరి గదుల మధ్య ఒక కారిడారే అడ్డం. దాటండి. మా ఫైలు ఒక్కటే, మీరిద్దరూ కలిసి చూడండి. మందు రాసేముందు పిల్లల గురించి అడగండి. డిశ్చార్జి కాగితం మీద పురుడయ్యాక మూడు నెలల జాగ్రత్త రాయండి, తెలుగులో రాయండి, ఆ పిల్ల తల్లికి అర్థమయ్యేలా.

అత్తగార్లూ, అమ్మలూ, ఆ గది కిటికీ తెరవండి. ఫ్యాన్ వెయ్యండి. గోరువెచ్చని నీళ్లు చాలు.

ఇది చదువుతున్న మీరు, అవును మీరే. మీ చెల్లెలికో, వదినకో, మీ భార్యకో ఈ జబ్బుంటే, ఈసారి ఆస్పత్రికి మీరూ వెళ్లండి. నెలసరి ముందు ఎక్కువవుతోందని తనకి చెప్పుకోవడం కష్టమైతే, తనని అడిగి, తన తరఫున మీరు అడగండి. పిల్లల సంగతి అడగండి. భర్తయితే, మా ఇద్దరి మధ్యా ఇబ్బందిగా ఉంది, ఏం చెయ్యాలి సార్ అని మీ నోటితో అడగండి. టైము లేదంటారు. వేరే డాక్టరుని చూడమంటారు. జవాబొచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.